మా పిన్ని నడిచిన ఊరేగింపు

ఆ రోజుల్లో మాకు నిరాశపడటం తప్ప వేరే స్థిరమైన ఉద్యోగం లేదు. దాన్ని మాత్రం ఒక్క సెలవైనా పెట్టకుండా చేసేవాళ్ళం. మేమంటే ముగ్గురం. ఒడిశాలోని సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్సులో పుట్టి పెరిగిన నేను, కొరాపుట్‌లో ఒక కాలేజీలో గెస్టు లెక్చరరుగా ఫిజిక్సు చెప్పే పొడుగు (ఆమెను చూసినవాళ్ళెవరూ ఆ పేరెందుకు వచ్చిందని అడగలేదు), రాయగడలో సెల్‌ఫోన్లు బాగుచేసే సెంటు (వాడికంటే ముందు వాడి అత్తరు వచ్చి కూర్చునేది). ఆడపిల్లనై ఉండీ నేను పొడుగుని ప్రేమించాను. పొడుగు కూడా నన్ను ప్రేమిస్తోందనే నా నమ్మకం. సెంటు మగపిల్లల్ని ప్రేమించేవాడు, వారానికొకరిని, వాళ్ళలో ఒక్కరికీ తెలియకుండా. ఆదివారం వచ్చిందంటే కొరాపుట్ బస్టాండు పక్క టీకొట్లో బ్యాంకు పరీక్షల గైడు తెరిచి పెట్టుకుని, దాని చాటున మా బతుకులు ఎంత ఘోరంగా ముగుస్తాయో చర్చించుకునేవాళ్ళం. చూసేవాళ్ళకి మాత్రం ముచ్చటేసేది, పిల్లలు ఎంత బుద్ధిగా చదువుకుంటున్నారో అని.

అలాంటి ఒక ఆదివారం సెంటు ఒక వార్త మోసుకొచ్చాడు. భువనేశ్వర్‌లో ఏటా మాలాంటివాళ్ళు ఊరేగింపు తీస్తారట, దాన్ని ప్రైడ్ అంటారట. ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్ళు, మగవాణ్ణి ప్రేమించే మగవాళ్ళు, ఆడా మగా అన్న లెక్కలో ఇమడనివాళ్ళు, అందరూ రంగుల జెండాలు పట్టుకుని పట్టపగలు నడిరోడ్డు మీద డాన్సు చేస్తారట.

"మొహాలు కప్పుకోకుండానా?" అంది పొడుగు.

"కప్పుకోకుండానే!"

"పోలీసోల్లు కొట్టరేటి?" అన్నాను నేను.

"కొట్టడమేటి? ఆల్లే ట్రాఫిక్ ఆపుతారంట."

మా కోసం ఎవరైనా ట్రాఫిక్ ఆపుతారన్న ఊహే మాకు కొత్త.

ఇంట్లో నాన్నతో బ్యాంకు పరీక్షకి భువనేశ్వర్ సెంటరు పడిందని చెప్పాను. నాన్న ఫ్యాక్టరీలో టెక్నీషియను. కంటికి కనబడని దోషం లోహంలో ఉంటే పట్టేస్తాడని పేరు. కూతురి విషయంలో మాత్రం ఏదైనా నమ్మేస్తాడు. "మరి ఒక్కర్తివీ ఎలా ఎల్తావే? పిన్నిని తీసుకెల్లు" అన్నాడు. అమ్మ పోయినప్పటినుంచీ నా విషయంలో ఆఖరి మాట పొట్టంగిలో ఉండే పిన్నిదే. మర్నాడే బస్సు దిగింది, ఒక చేత్తో జంతికల డబ్బా, ఇంకో చేత్తో పులిహోర క్యారేజీ పట్టుకుని. మా ప్రేమయాత్ర ఆ విధంగా తీర్థయాత్ర అయిపోయింది.

రైల్లో పిన్ని నన్నూ, తనదీ అదే పరీక్షని చెప్పి నాతో వచ్చిన పొడుగునీ నిద్రపోనివ్వలేదు. రాయగడలో ఎక్కిన సెంటుని నాతోపాటు పరీక్ష రాసే కుర్రాడని పరిచయం చేశాను. ("పాపం, సదువుకునే గుంటడికి ఇంత వాసనేటే?" అని నా చెవిలో అడిగింది.) వాడు ఊరేగింపు కోసం కొనుక్కున్న వెండిరంగు చొక్కా లోపల తొడుక్కుని, పైన మామూలు గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఊపిరాడక ఆపసోపాలు పడుతుంటే పిన్ని అది పరీక్ష భయమనుకుని వాడి వీపు నిమిరింది. "బయపడకు బాబూ. వస్తే వస్తాది, లేపోతే పాయె. పేణం కన్నా ఎక్కువేటి?" అంది. సెంటు ఏడుపు మొహంతో తలూపాడు.

మా పథకం తేలికైనదే. ఊరేగింపు వచ్చే రోడ్డు వైపు వెనక గేటున్న బడి ఒకటి సెంటు ఫోను మ్యాపులో వెతికి పెట్టాడు. ఆదివారం కాబట్టి అక్కడెవరూ ఉండరు. ఇదే మా సెంటరని చెప్పి, పిన్నిని ఎదురుగా నీడలో కూర్చోబెట్టి, ముందు గేటులోంచి వెళ్ళి వెనక గేటులోంచి బయటపడాలి. తీరా వెళ్ళి చూస్తే, ఆ రోజు అక్కడ నిజంగానే పరీక్ష ఉంది. ఏదో కోచింగ్ సెంటరువాళ్ళు ఉచితంగా మోడల్ పరీక్ష పెడుతున్నారు. టైలు కట్టుకున్న కుర్రాళ్ళు రోడ్డున పోయేవాళ్ళని సైతం చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతున్నారు. మా కాళ్ళు వెనక్కి తిరిగేలోపే పిన్ని వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని, సంతలో బేరాలాడి నేర్చుకున్న తన ఒడియాలో, "మా పిల్లలకి ఫ్యాను కింద బల్ల ఇయ్యి బాబూ" అని బతిమాలి, మమ్మల్ని స్వయంగా అప్పగించేసింది.

వెనక గేటుకి తాళం వేసుంది. మమ్మల్ని మేడ మీది హాల్లోకి తోసి తలుపు మూశారు. నేను లేచి, కడుపునొప్పిగా ఉంది, బయటికి వెళ్ళాలన్నాను. "అసలు పరీక్షలోనూ ఇలాగే అడుగుతారా?" అన్నాడు ఇన్విజిలేటరు. మా క్రమశిక్షణ కోసమే ఆఖరి గంటదాకా ఎవరినీ వదలరట.

సెంటు గళ్ళ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, వెండిరంగులో ధగధగలాడుతూ బల్ల మీద తల వాల్చేశాడు. పొడుగు మాత్రం ప్రశ్నపత్రం తిరగేసి, "ఇవి అంత కష్టమేం కాదే" అని రాయడం మొదలుపెట్టింది. ఊరికే కాలక్షేపానికి కాదు, నాలుక పళ్ళ మధ్య బిగించి, చాలా శ్రద్ధగా. ఆమె పక్కన కూర్చుని ఆ వంచిన మెడ చూస్తుంటే, ఈ పిల్ల పాసవుతుంది, వెళ్ళిపోతుంది అని నాకు మొదటిసారి అనిపించింది. (పాసయింది. వెళ్ళిపోయింది కూడా. దాని సంగతి తర్వాత.)

అంతలో డప్పులు వినిపించాయి. కిటికీ దగ్గరికి పరుగెత్తాను. రోడ్డు నిండా రంగులు. చీరలు కట్టుకుని దర్జాగా నడిచే హిజ్రాలు, చేతులు పట్టుకున్న అబ్బాయిలు, అబ్బాయిల్లా క్రాపు చేయించుకుని ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకున్న ఇద్దరమ్మాయిలు. సెంటు చెప్పింది నిజమే, ఎవరూ మొహాలు కప్పుకోలేదు. ఎన్నో నెలలు కలగన్న ఊరేగింపు నా కళ్ళ కిందే పోతోంది. నేను ఊచల వెనక నిలబడి, వడ్డీ లెక్కల కాగితం చేత్తో పట్టుకుని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడు, జనం మధ్యలో, ఆకుపచ్చ నేతచీర, చంకలో జంతికల డబ్బా, చేతిలో రంగుల జెండా. మా పిన్ని! ఎవరో పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పుతోంది, ఆవిడ తిరుగుతోంది. పొట్టంగిలో పెళ్ళిళ్ళలో కూడా కుర్చీ దిగని మనిషి!

"పిన్నీ!" అని అరిచాను. డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? ఇన్విజిలేటరుకి మాత్రం వినబడింది. వచ్చి నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

బయటపడి వెనక వైపుకి పరుగెత్తేసరికి రోడ్డంతా ఖాళీ. చిరిగిన కాగితం జెండాలు ఊడుస్తున్నారు. పిన్ని గేటు దగ్గర చెంపల మీద రంగు గీతలతో పుల్లఐసు తింటూ కనిపించింది. డబ్బాలో జంతికలన్నీ అయిపోయాయి.

"ఎలా రాసేరే? ఓలమ్మ, నానేటి సూసేననుకున్నావు! డప్పులినబడితే ఇలాగొచ్చేను, కాలేజీ పిల్లల జాతరేమో అనుకున్నాను. కాదంట. ఆడపిల్ల ఆడపిల్లనే కోరుకుంటాదంట, అలాటోల్లంట. ఒక పిల్ల అంతా ఇడమరిసి సెప్పింది. దాన్ని ఆల్లమ్మ ఇంటికి రానివ్వటం లేదంట, సెప్పి సెప్పి ఏడిసింది. ఆల్లమ్మ బదులు నానే వాటేసుకున్నాను."

పొడుగు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇదే సమయం, చెప్పెయ్యి అన్నట్టు సెంటు కళ్ళతో సైగ చేశాడు. నేను నోరు తెరిచాను.

"ఏదేమైనా అమ్మీ," అంది పిన్ని పుల్ల పారేస్తూ, "మనిళ్ళల్లో అలాటోల్లు లేరు, అదే మన అదురుస్టం. ఆ తల్లుల్ని తల్సుకుంటే కడుపు తరుక్కుపోతంది."

నేను నోరు మూసుకున్నాను. పులిహోర తింటావా అని అడిగింది. తిన్నాను.

ఆ కోచింగ్ సెంటరువాళ్ళు తర్వాత ఏడాదిపాటు నాన్నకి ఫోను చేసి, మీ అమ్మాయికి చాలా శిక్షణ అవసరమని చెబుతూనే ఉన్నారు. పొడుగు అసలు పరీక్ష రాసి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుని, భిలాయిలో ఒక ఇంజనీరుని పెళ్ళి చేసుకుంది. రోజూ పొద్దున్నే గులాబీపువ్వు బొమ్మతో శుభోదయం పంపుతుంది, నాతోపాటు ఇంకా చాలామందికి. సెంటు బెంగళూరు వెళ్ళిపోయి, ఏటా అక్కడి ఊరేగింపులో మెరిసే చొక్కాలేసుకుని ఫొటోలు పంపుతాడు. నేను ఇప్పటికీ ఏ ఊరేగింపులోనూ నడవలేదు.

పిన్నికి మాత్రం చివరికి చెప్పాను. పొట్టంగిలో వంటింటి గుమ్మంలో అల్లం చెక్కు తీస్తూ వింది. చాలాసేపు తీసిన ముక్కే తీసింది. "ఆ రోజు ఎవరో పిల్లని వాటేసుకున్నావు కదా పిన్నీ" అన్నాను ఆశగా.

"పరాయి పిల్ల కాబట్టి వాటేసుకున్నాను. పరాయోల్లయితే సులువే," అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నన్ను "అమ్మీ" అనలేదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి పిలుస్తుంది, రేషను కొట్లో పిలిచినట్టు. కాకపోతే నాన్న తెచ్చే ప్రతి సంబంధానికీ ఆవిడే ఏదో వంక పెడుతుంది. ఒకడికి పన్ను మీద పన్ను, ఒకడి తల్లి నవ్వదు, ఒకడు మరీ ఎక్కువ నవ్వుతాడు. అది నా మీద జాలో, పరువు పోతుందన్న భయమో నేను అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని నా భయం.

అప్పుడప్పుడు భువనేశ్వర్ నుంచి తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొస్తుంది. పెదాలు కదుపుతూ, పిన్నికి చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ ఉంటుంది. చెప్పడమే కష్టమని, చెప్పేశాక అంతా తేలికేనని ఆ పిల్ల గట్టి నమ్మకం. చూస్తే నవ్వొస్తుంది. పక్కన కూర్చుని ఇప్పటిదాకా జరిగిందంతా చెప్పాలనీ అనిపిస్తుంది. కానీ చెప్పను. ఇల్లు చేరేదాకా అలా కూర్చోనీ.