రెండోసారి కాల్చిన పలకలు

పెంకుల బట్టీ యజమానికి చెల్లెలంటే ప్రేమ లేకపోలేదు. ఆమె పనిమీదనే నమ్మకం లేదు. బట్టీ వెనుక రేకుల షెడ్డులో, తన చిన్న పొయ్యితో, ఆమె 'రాకు' అనే జపాను పద్ధతిలో గోడ పలకలు చేసేది. నిప్పుకణికలా ఉన్న పలకను పటకారుతో బయటికి లాగి, రంపపు పొట్టు నింపిన డబ్బాలో వేసి, మూత బిగించి పొగబెట్టేది. పూత లేని త్రికోణాలు కాటుకలా నల్లబడేవి. పూత పూసిన తెల్లని చతురస్రాలలో సన్నని పగుళ్ళు వెంట్రుకల్లా తేలేవి. నలుపూ తెలుపూ కలిసేచోట గీత కత్తితో కోసినట్లుండాలని ఆమె పట్టు. అన్నగారి దృష్టికి అదంతా పొగచూరిన పచ్చిమట్టి. మళ్ళీ కాలిస్తే ఆ నలుపు నిలవదని ఆమె ఎన్నిమార్లు చెప్పినా ఆయన చెవికెక్కించుకోలేదు.

కొత్త గ్రంథాలయం వారు తమ ముందుగది గోడకు ఆమె పలకలు కోరారు. తనదని చెప్పుకోదగిన గోడ ఆమెకు అదే మొదటిది. దానిని సిద్ధం చేయించడానికి, నమూనాగా ఒక పలక వెంటబెట్టుకొని వెళ్ళి, కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయింది. ప్రారంభానికి ముందునాడు తిరిగివచ్చేసరికి మిగిలిన పలకలన్నీ పెద్ద బట్టీ ముందు బారులు తీరి ఉన్నాయి. నలుపు మాయమై మట్టి పాలిపోయింది. పూత కరిగి, గీతలు దాటి, చీమిడిలా కారి గడ్డకట్టింది.

పదిమంది వేలెత్తి చూపకుండా గట్టిగా కాల్పించానని అన్నగారు సగర్వంగా వివరించాడు.

"ఎలా మెరుస్తున్నాయో చూడు. ఇప్పుడు కిందపడినా పగలవు."

ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్లుంది. ఇవే తగిలించమనీ, చూసేవాళ్ళకేం తెలుస్తుందనీ వదినగారు సర్దిచెప్పబోయింది. చెల్లెలు అన్నగారివైపే తిరిగింది.

"నీ బట్టీలో నేనెప్పుడైనా వేలు పెట్టానా అన్నయ్యా?"

"నీ మంచికే కదే చేసింది."

"నా మంచి నన్నడిగి చెయ్యాలి. రేపు నువ్వూ నాతో రా."

మరునాడు ఆ విశాలమైన గోడ నట్టనడుమ, నమూనాగా తీసుకువెళ్ళిన పలక ఒక్కటే వేలాడింది. చుట్టూ తక్కినవాటికోసం కొట్టిన మేకులు బోసిగా ఉన్నాయి. మిగిలినవి ఏమయ్యాయని గ్రంథాలయాధికారి అడిగాడు. ఆమె అన్నగారివైపు చూసింది. ఆయన వెళ్ళి ఆ పలకపై నలుపు తెలుపుల నడుమ గీతను వేలితో తడిమాడు.

"నేనే మళ్ళీ కాల్చి పాడుచేశానండి."

ఎందుకని అధికారి అడిగాడు. అన్నగారు మేకులవంక చూశాడు, గుమ్మంవంక చూశాడు. ఆ గుమ్మానికి అడ్డంగా చెల్లెలు నిలబడి ఉన్నది. జవాబు వినేదాకా ఆమె కదిలే సూచన లేదు.