నేను రాసుకోని పేర్లు

ఆ రోజు పొద్దున కింది ఫ్లాట్ వంటింటి కిటికీ అద్దానికి ఆవిరి పట్టలేదు.

చలి మొదలయ్యాక ఆ అద్దం ఏడు గంటలకల్లా తెల్లబడేది. లోపల అంకుల్ టీ మరిగిస్తున్నారని అర్థం. నేను ట్రామ్‌కు వెళ్తూ ఆ తెల్లదనాన్ని చూసి టైమ్ తెలుసుకునేదాన్ని. ఆ రోజు అద్దం శుభ్రంగా ఉంది. గట్టు మీద కప్పు, దాని మీద బోర్లించిన సాసరు స్పష్టంగా కనిపించాయి. చూశాను, కానీ ఆగలేదు. ఆఫీసుకు వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి ఆయన కూతురు మా మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె గ్లాస్గోలో డాక్టరు. అంతకుముందు ఒక్కసారే చూశాను. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తే అంకుల్ తనే అంబులెన్సుకు ఫోన్ చేసుకున్నారట. ఆమె విమానం దిగేలోపే పోయారట. ఆమె ఏడవడం లేదు. చేతిలో ఇంటి తాళాలు పట్టుకుని వాటినే చూస్తోంది.

"నాన్న మాటలు రాసే అమ్మాయివి నువ్వేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

తల ఊపాను. అలా తల ఊపే అర్హత నాకు లేదని ఆమెకు తెలియదు. ఆ సంగతి ఇక్కడ మీతో చెప్పుకోవాలి.

అంకుల్ నాకు బంధువు కారు. మూడేళ్ళ క్రితం ఉద్యోగం కోసం లండన్ పక్కన క్రోయిడన్ వచ్చి, ఆయన పై ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. నాకు మనుషులతో చనువు త్వరగా రాదు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే ఫోన్ చూస్తున్నట్టు నటించేదాన్ని. ఒకరోజు నిజంగానే ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతూ దిగుతుంటే కింది తలుపు తెరుచుకుంది.

"తెలుగోళ్ళ బిడ్డవా?"

అవునన్నాను.

"మాది సిద్దిపేట దిక్కు. మీది కోస్తా కదా, మాట చెప్తున్నది. టీ తాగుతవా?"

"ఆఫీసుకు వెళ్ళాలండి."

"మరి ఆదివారం రా. ఆదివారం ఆఫీసున్నదని ఎవరన్నా చెప్తే నమ్మకు."

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యారు. ఆంటీ పోయి అప్పటికి చాలా కాలమైంది. ముందుగదిలో గోడ నిండా పుస్తకాలు, ఉర్దూవి, అరబీవి, ఇంగ్లీషువి. చాలావరకు ఒకటే విషయం మీద: ఇస్లాం ఎలా పుట్టింది, మొదటి వందేళ్ళలో ఎలా పాకింది. ఆయన మౌల్వీ కాదు, ప్రొఫెసర్ కాదు. "నేను ఉత్తరాలోణ్ణి. ఎక్కడ బయలెల్లింది, ఎవరి చేతుల మీదుగ వచ్చింది, గదే నా ధ్యాస," అనేవారు.

ఏ మాట చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "ఎవరు చెప్పిన్రు?"

"అంకుల్, ఈ రోజు ట్రాములు లేవట."

"ఎవరు చెప్పిన్రు?"

"స్టాప్ దగ్గర ఒకావిడ."

"ఆమె చూసిందా, విన్నదా?"

"అది అడగలేదు."

"అడగాలె బిడ్డా. చూసినామె అయితే ఒక లెక్క, విన్నామె అయితే ఇంకో లెక్క."

చివరికి వెళ్ళి చూస్తే ట్రాములు నడుస్తూనే ఉన్నాయి.

మొదట్లో అది ఆయన సరదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన చదువంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉందని. ప్రవక్త పోయాక, ఆయన అన్న మాటలను జనం పోగుచేసుకున్నప్పుడు, మాట ఒక్కటే ఉంటే ఒప్పుకునేవారు కాదట. ఫలానా మనిషి నాకు చెప్పాడు, అతనికి ఫలానా ఆవిడ చెప్పింది, ఆవిడ తన చెవులతో విన్నది అని, ముందు పేర్ల వరస చెప్పాలి. ఆ తర్వాతే మాట. ఒక్క మాట ఖరారు చేసుకోవడానికి నెల రోజులు ఒంటె మీద ప్రయాణం చేసిన మనిషి గురించి అంకుల్ ఎంతో ఇష్టంగా చెప్పేవారు. "పంపినోడి పేరు లేని ఉత్తరం పట్టుకొని ఎంత సేపు నిలబడ్తం బిడ్డా? పక్కకు పెడ్తం. గట్లనే ఇది గూడ," అనేవారు.

ఆయనకు సిద్దిపేటలో చిన్ననాటి స్నేహితుడు ఉన్నారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు. ప్రతి ఆదివారం ఫోన్ ఉండేది, స్పీకర్ మీద.

"ఒరేయ్, మీ కథ మొత్తం మొదటికెంచి చెప్తనంటివి. యాభై ఏండ్లయింది. నేను పోయినంక చెప్తవా?"

"నువ్వేడ పోతవ్‌రా. ముందు ఆ కండ్లద్దాలు మార్చుకో."

"మారుస్త. నువ్వు పుస్తకం పంపు. తెలుగుల పంపు. నీ మాటల్లనే ఉండాలె."

అంకుల్ నా వైపు చూశారు. అలా నేను రాసే మనిషినయ్యాను.

రెండు చలికాలాలు రాశాను. ఆదివారం పదింటికి కిందికి దిగేదాన్ని. ఆయన చెప్పులు వాకిలి వైపు తిప్పి జతగా పెట్టి ఉండేవి. రెండు కప్పుల మీద రెండు సాసర్లు బోర్లించి, టీ చల్లారకుండా ఉంచేవారు. నేను నోటు పుస్తకం తెరిచేదాన్ని.

గుహలో మొదటిసారి దైవవాణి విని వణికిపోతూ ఇంటికి వచ్చి దుప్పటి కప్పమన్న మనిషి గురించి చెప్పారు. "మొట్టమొదట నమ్మింది ఎవరనుకున్నవ్? భార్య. ఖదీజా. ఇంట్ల నమ్మినంకనే బయట." ప్రవక్త మదీనాకు వచ్చిన రోజు అందరూ మా ఇంటికి రండంటే మా ఇంటికి రండంటే, ఎవరి మనసూ నొప్పించకుండా ఒంటెనే వదిలేసి, అది కూర్చున్న చోట మసీదు కట్టారని చెప్పారు. మక్కాలో బాధలు పడలేక, మొదట నమ్మినవాళ్ళలో కొందరు సముద్రం దాటి అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా, పోయిన సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. అక్కడి రాజు క్రైస్తవుడు. వాళ్ళను పట్టి ఇమ్మని మక్కా పెద్దలు కానుకలతో మనుషుల్ని పంపారు. రాజు ఆ వలస వచ్చినవాళ్ళనే పిలిచి మీరేం నమ్ముతారో చెప్పండన్నాడు. వాళ్ళు మేరీ తల్లి గురించి ఖురాన్‌లో ఉన్న భాగం చదివారు. రాజు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కానుకలు తిప్పి పంపేశాడు.

"మా స్కూల్లో మేరీ విగ్రహం ముందు రోజూ నిలబడేవాళ్ళం అంకుల్. మీ పుస్తకంలో ఆమె ఉందని ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పిన కదా. ఎవరు చెప్పిన్రని ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

ప్రతి కథకు ముందు ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ పేర్లు చెప్పేవారు. అవి రెండు భాగాలు. పై భాగం పుస్తకాల్లో ఉన్నవాళ్ళు, ఆ కాలపు మనుషులు. అబిసీనియా సంగతి లోకానికి చెప్పింది, వలసపోయిన వాళ్ళలో ఉన్న ఒక స్త్రీయేనట. కింది భాగం ఆయన సొంతం. "ఈ మాట నాకు మా ఉస్తాద్ చెప్పిండు. గడియారాలు బాగుచేసెటోడు. ఆయనకు వాళ్ళ నాయనమ్మ చెప్పింది. బట్టలు కుట్టేది. ఒక కన్ను కనపడకపోయేది, అయినా సూదిల దారం తనే ఎక్కించుకునేది. ఆమెకు..." అలా ఒక్కొక్కరూ, పేరుతో సహా, ఒక చిన్న గుర్తుతో సహా వచ్చేవారు. "ఇది ఆలిములు, పెద్ద పండితులు, ఒప్పుకునే వరస కాదు బిడ్డా. ఇది నాది. నాకు ఎవరు చెప్పిన్రో నేను మర్చిపోతే ఎట్ల?"

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను.

మా కాన్వెంట్‌లో ఒక పెద్ద పేరా ఇచ్చి, దాన్ని మూడో వంతుకు కుదించమనేవారు. అనవసరమైనవి తీసేయాలి, కథ మిగలాలి. అందులో నాకెప్పుడూ పూర్తి మార్కులే. సిస్టర్ నా పుస్తకం క్లాసంతా చూపించేవారు. అంకుల్ కళ్ళు మూసుకుని పేర్లు చెబుతున్నప్పుడు నేను పెన్ను కింద పెట్టేదాన్ని. టీ మీద సాసరు తీసి ఒక గుక్క తాగేదాన్ని. పేర్లు అయిపోయి కథ మొదలయ్యాక మళ్ళీ పెన్ను తీసుకునేదాన్ని. చదివేవాళ్ళకు ఆ పేర్లు అడ్డం అనుకున్నాను. ఆయన మంచి కోసమే అనుకున్నాను. కళ్ళు మూసుకున్న మనిషికి పెన్ను ఆగిన సంగతి తెలియదు. ఫోన్ ఎదురుగా పెట్టి రికార్డు చేసుకుంటానని అడగడానికి కూడా నాకు మొహమాటం.

పోయిన అక్టోబరులో టైపు చేసి, లైబ్రరీలో ప్రింటు తీసి తీసుకెళ్ళాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి రెండు చేతులతో అందుకున్నారు. బరువు చూశారు.

"గింత సన్నగున్నదేంది బిడ్డా? రెండు చలికాలాలు చెప్పిన."

"అక్షరాలు చిన్నవి పెట్టాను అంకుల్."

"పేర్లన్నీ వచ్చినయా?"

"వచ్చాయి."

ఒక్కొక్క కాగితం నెమ్మదిగా తిప్పారు. కొన్ని చోట్ల అరచేత్తో కాగితాన్ని నిమిరారు. తర్వాత అబిసీనియా కథ చదివి వినిపించమన్నారు. కాగితం మీద లేనిది చదవడం మొదలుపెట్టాను. "ఈ మాట నాకు మా ఉస్తాద్ చెప్పారు, గడియారాలు బాగుచేసేవారు. ఆయనకు వాళ్ళ నాయనమ్మ..." అంతే గుర్తుంది. ఆగిపోయాను. అంకుల్ నవ్వి, కళ్ళు మూసుకుని మిగతావి తనే అందుకున్నారు. నేను కాగితం మీద వేలు జరుపుతూ, ఆయన మాటకు సరిపడా అక్కడ ఏదో ఉన్నట్టు నటించాను. ఆ రోజైనా పైకి వెళ్ళి గుర్తున్నంత వరకు రాసుకోవలసింది. సిగ్గుతో పడుకుండిపోయాను.

కవరు మీద స్నేహితుడి చిరునామా నా చేతే రాయించారు. కానీ వెంటనే పంపలేదు. "ఇంకొక్క కథ ఉన్నది. అది గూడ కలిపి పంపుదం."

ఆ చివరి కథ, ఖురాన్‌ను ఒకచోట చేర్చి రాయడం గురించి. కంఠతా వచ్చినవాళ్ళు యుద్ధాల్లో చనిపోతుంటే, మిగిలిన మాట పోతుందని భయపడి, ఒక యువకుడికి ఆ పని అప్పగించారట. ఈత మట్టల మీద, రాళ్ళ మీద రాసి ఉన్నవీ, మనుషుల గుండెల్లో ఉన్నవీ అన్నీ వెతికి రాయాలి. అతను చాలా భయపడ్డాడట.

"ఎందుకు భయపడ్డాడు అంకుల్?"

"వదిలిపెడ్తె ఎట్ల అని. రాసెటోడు వదిలింది ఇంకెవ్వలకు దొరకదు గద."

ఆయన నన్ను ఉద్దేశించి అన్నది కాదు. ఆయనకు ఏమీ తెలియదు. నేను నోటు పుస్తకం మూశాను.

"అంకుల్, ఒక మాట..."

"చెప్పు బిడ్డా."

కప్పు మీద సాసరు తీశాను.

"చక్కెర ఉందా?"

"నువ్వు చక్కెర వేసుకోవు గద."

"ఈ రోజు వేసుకుంటాను."

ఆయన లేచి డబ్బా వెతికి తెచ్చారు. ఆ తియ్యటి టీ మొత్తం తాగాను. వచ్చే ఆదివారం చెప్దాం, మొదటి నుంచి మళ్ళీ చెప్పించుకుందాం అనుకుంటూ మెట్లెక్కాను. బుధవారం ఆ అద్దానికి ఆవిరి పట్టలేదు.

ఖననం అయిన మర్నాడు ఆయన కూతురు ఆ కవరు తెచ్చి ఇచ్చింది. "ఇది ఎక్కడికి వెళ్ళాలో నీకు తెలుసని నాన్న అనేవారు," అంది. ఆమెకైనా ఆ పేర్లు తెలుసేమో అడిగాను. నాన్న తనకు చెప్పబోతే ఎప్పుడూ పని ఉందని లేచిపోయేదాన్నని చెప్పింది.

పై భాగం పేర్లు లైబ్రరీలో దొరికాయి. ఆయన పుస్తకాల ఇంగ్లీషు అనువాదాల్లో ఉన్నాయి. కింది భాగం ఏ లైబ్రరీలోనూ లేదు. గడియారాల ఉస్తాద్, ఒంటికన్ను నాయనమ్మ. ఆమె తర్వాత బావుల పని చేసే ఒకాయన ఉండేవారని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒక్కోసారి ఆయన వేరే కథలోనేమో అనిపిస్తుంది.

చివరికి సిద్దిపేట మాస్టారుకి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను. పరిచయం లేని మనిషితో ఫోన్‌లో అంతసేపు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. తిడతారేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"గడియారాల ఉస్తాద్ పేరు నాకు తెలుసమ్మా. మా వీధే. రాసుకో," అన్నారు.

రాసుకున్నాను.

"ఆయనకు చెప్పినోళ్ళు ఎవరో నాకు తెల్వదు. వాడొక్కడికే తెలుసు."

"ఏం చెయ్యమంటారు మాస్టారూ?"

"ఖాళీ వదులు. ఎన్ని పేర్లున్నయనుకుంటవో అన్ని గీతలు గియ్యి. ఎవరో ఉన్నరని చదివెటోళ్ళకు తెల్వాలె."

అలాగే చేశాను. ప్రతి కథ ముందు ఇప్పుడు కొన్ని వరుసలు ఉన్నాయి. ఈ మాట నాకు కింది ఫ్లాట్ అంకుల్ చెప్పారు. ఆయనకు ఉస్తాద్ చెప్పారు. ఆయనకు వాళ్ళ నాయనమ్మ చెప్పింది. తర్వాత గీతలు, ఒకదాని కింద ఒకటి. వాటి తర్వాత లైబ్రరీలో దొరికిన పేర్లు. పుస్తకం కొంచెం లావైంది. నిన్న మధ్యాహ్నం పోస్టు చేశాను. కవరు వెనక పంపినవారి పేరు రాసే చోట ముందు ఆయన పేరు, కింద నా పేరు రాశాను.

ఆ అక్టోబరు ఆదివారం ఆయన అరచేత్తో నిమిరిన కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. అంకుల్ ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఆయనకు తెలుగు చదవడం రాదు.