ఏసమ్మ కొండ మీద కట్టిన గట్టు

కడియంలో పుట్టిన మనిషికి ఎత్తంటే కాలవ గట్టే. అంతకు మించిన ఎత్తు చూడాలంటే కొబ్బరిచెట్టెక్కాలి, లేదంటే పెళ్లిలో అలిగి మేడెక్కాలి. ఏసమ్మ ఈ రెండూ చెయ్యలేదు. యాభై రెండేళ్లు వచ్చేదాకా ఆవిడ కాళ్ల కింద నేల పళ్లెంలా చదునుగానే ఉంది, లోకమంతా అలాగే ఉంటుందని ఆవిడ అనుకుంది. అనుకోవడం తప్పేం కాదు. తప్పు తర్వాత చేసింది. అది చిన్నా చితకా తప్పు కాదు, ఒక ఊరు ఊరంతా మోకాళ్ల దాకా బట్టలెత్తి దిగాల్సినంత తప్పు.

ఏసమ్మ పదిహేడో ఏట వెంకటరాజుగారి నర్సరీలో చేరింది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నల్ల కవర్లలో నింపడం, మొలక గుచ్చడం, అంట్లు కట్టడం, నీళ్లు పెట్టడం, మొక్క మోకాలెత్తు రాగానే లారీకెక్కించడం. ముప్ఫై అయిదేళ్లు ఇదే పని. ఆవిడ చేతి మొక్కలు ఢిల్లీ రోడ్ల పక్కన ఉన్నాయి, బెంగుళూరు కంపెనీల ముందు ఉన్నాయి. అవి ఎదిగాక ఎలా ఉంటాయో, ఏ నెలలో పూస్తాయో కొనుక్కున్నవాళ్లకి తెలుసు గాని, పెంచిన ఏసమ్మకి తెలియదు. తన చేత్తో పెట్టిన మొక్క చెట్టవడం ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. "మంత్రసాని బతుకండి నాది. బిడ్డని తీసి చేతిలో పెట్టడమే, పెళ్లికి ఎవరూ పిలవరు" అనేది. నవ్వుతూనే అనేది గాని, అది కడుపులో మాట.

రంపచోడవరం దాటి ఘాటు రోడ్డులో గంటసేపు తిరిగితే చింతలమెట్ట అని చిన్న ఊరొకటి వస్తుంది. ఆ ఊరివాళ్లు ఒక సంఘం పెట్టుకుని, లైబ్రరీ వెనక పార్కు వేసుకోవాలనుకున్నారు. సంఘానికి పెద్ద రిటైరైన మాస్టారు శివరామకృష్ణగారు. ఆయన వెంకటరాజుగారికి ఫోన్ చేసి ఆరువందల మొక్కలు పంపమన్నారు, చెయ్యి తిరిగిన మనిషిని కూడా ఒకర్ని పంపమన్నారు. ఆగస్టు పదిహేనుకి పార్కు తెరవాలి. అప్పటికి మొక్కలు నిలదొక్కుకుంటే ఆ మనిషిని తోట చూసుకోవడానికి అక్కడే ఉంచేసుకుంటారు, లైబ్రరీ పక్క గది ఇస్తారు. లేకపోతే లారీ ఎక్కి దిగిపోవడమే.

"ఎవరెళ్తారు?" అని రాజుగారు అడిగితే అందరూ నేల చూపులు చూశారు. మట్టి చెయ్యి పైకెత్తింది ఏసమ్మ ఒక్కతే.

రాజమండ్రిలో నర్సుగా చేస్తున్న కూతురు క్రిస్టినా ఫోన్లో లబలబలాడింది. "మోకాళ్ల నొప్పులతో కొండలేంటే అమ్మా?" అంది. మొక్కలతో పాటు తను కూడా ఉండిపోయే చోటు ఒకటి దొరికిందని, పోతే మళ్లీ దొరకదని ఏసమ్మ కూతురికి చెప్పలేకపోయింది. "అక్కడ గాలి మంచిదంటమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

లారీలో ముందు కూర్చుంది. మొదటి మలుపులో "యేసయ్యా" అంది. రెండో మలుపులో డ్రైవరు తాతాజీ భుజం పట్టుకుంది. అయిదో మలుపులో కిందికి చూస్తే, ఇందాక తాము వచ్చిన రోడ్డే కాళ్ల కింద పాములా కనబడింది. ఎందుకో నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు.

"కళ్లు తిరుగుతున్నాయా ఏసమ్మగారూ, ఆపమంటారా?" అన్నాడు తాతాజీ.

"తిరుగుతున్నాయి బాబూ. బాగుంది, పోనీ."

ఇంక ఆ ఊరి సంగతి వినండి. చింతలమెట్టలో తూర్పు, పడమర లేవు. పైన, కింద, అంతే. పై వీధి, మధ్య వీధి, కింది వీధి, మెట్ల వరసలా ఒకదాని కింద ఒకటి. ఏసమ్మ దిగీ దిగగానే టీ కొట్టు పాపాయిని "కాలవ ఎటమ్మా?" అని అడిగింది. డెల్టా మనిషికి కాలవ ఎటుందో తెలిస్తే గాని అడుగు పడదు. పాపాయి ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఇక్కడ నీళ్లు ఒకచోట ఉండవక్కా, పోతా ఉంటాయి" అంది.

లైబ్రరీ అంటే ఒక గది, నాలుగు బీరువాలు, మధ్యాహ్నం బస్సులో వచ్చే మూడు పేపర్లు. కాని దాని మీద ఒక మైకు ఉంది చూశారూ, ఆ ఊరికి అదే ప్రాణం. ఎవరి మేక బళ్లో దూరిందో, జలపాతంలో నీళ్లు ఎంత పెరిగాయో, ఎవరింట్లో పనసకాయ కోశారో, అన్నీ మాస్టారు అందులోనే చెబుతారు. ఆ రోజు "కడియం నుంచి మొక్కలమ్మగారు వచ్చారు, ఆవిడకి పడుకోవడానికి మంచం కావాలి" అని చెప్పారు. చీకటిపడే లోపల నాలుగు మంచాలొచ్చాయి. వద్దంటే తెచ్చినవాళ్లు నొచ్చుకుంటారని నాలుగూ ఉంచేసుకుంది ఏసమ్మ. రోజుకొక మంచం మీద పడుకునేది.

సాయంత్రమైతే ఊరంతా చివర లోయ మీద ఉన్న సిమెంటు బెంచీల దగ్గరికి చేరుతుంది, మబ్బులు చూడటానికి. సినిమాకెళ్లినట్టు తలదువ్వుకుని మరీ వెళ్తారు. మొదటి రోజే మబ్బొకటి ఏసమ్మ కాళ్ల కింద నుంచి పోయింది. పైన ఉండాల్సింది కింద పోతుంటే ఆవిడ బెంచీ గట్టిగా పట్టుకుని, దేవుడికి మనం ఇలా కనబడతామన్నమాట అనుకుంది. ఆదివారం పొద్దున చిన్న చర్చిలో ప్రార్థన, అది అవగానే పక్కనే సంత. చింతపండు, అనాసలు, వెదురు కొమ్ములు, వెదురుబొంగులో కాల్చిన కోడి. పాస్టరుగారి ప్రసంగం కాస్త పొడుగైతే కోడి వాసన లోపలికి వచ్చి ఆమెన్ అనిపించేసేది. నెల తిరక్కుండా ఏసమ్మకి ఆ ఊళ్లో ప్రతి గడపా తెలుసు, ప్రతి గడపకీ ఏసమ్మ తెలుసు. నిద్రలో కూడా నవ్వుతోందని పక్క వాటాలో ఉండే టీచరమ్మ అందరికీ చెప్పింది.

ఆ ఊరికి ఒక్కటే లోటు, చదును. పిల్లలు వాలీబాల్ ఆడితే పాయింటుకొకసారి బంతి కింది వీధిలో పడేది. అందుకని కింది వీధివాళ్లు సాయంత్రాలు పప్పు గిన్నె మీద మూత తియ్యరు.

పార్కు స్థలం కూడా అలాంటి వాలే. అది చూసి ఏసమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముందు నేల చదును చెయ్యాలండి. చుట్టూ గట్టు వెయ్యాలి. నీళ్లు నిలవని నేలలో మొక్క ఎలా బతుకుద్దండి?"

మాస్టారికి చదును అన్న మాటే వీనుల విందుగా వినబడింది. సరేనన్నారు. పాపాయి మాత్రం టీ గ్లాసులు కడుగుతూ, "నీరు పల్లమెరుగు అంటారు కదక్కా. దాన్నెందుకు ఆపటం?" అంది. చెబితే వింటుందా ఏసమ్మ? తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పదిమంది మగాళ్లని పెట్టి పై పక్క తవ్వించి కింది పక్క పోయించింది. చుట్టూ నడుమెత్తు గట్టు వేయించి, తడిపి, మడమలతో తొక్కి, పార వీపుతో చరిచి నున్నగా చేసింది. వరిచేను గట్టు అంత అందంగా మండపేట రైతు కూడా వెయ్యలేడు. లోపల ఆరువందల మొక్కలు వరసల్లో నాటింది. మందారం, నందివర్ధనం, గన్నేరు, సంపెంగ, ఓ మూలకి పొగడలు. ఊరంతా వచ్చి చదునైన నేల మీద ఊరికే అటూ ఇటూ నడిచి, ఎంత బాగుందో అని వెళ్లారు.

జులై ఆఖర్లో వాన పట్టింది. కొండ వాన డెల్టా వానలా మర్యాదగా కురవదు. పై వీధి నుంచి వచ్చిన నీళ్లు, పై కొండ నుంచి వచ్చిన నీళ్లు, అన్నీ పల్లం వెతుక్కుంటూ వచ్చి, పై పక్క నుంచి లోపలికి దూకి, ఏసమ్మ గట్టు దగ్గర ఆగిపోయాయి. మంచి గట్టు కదా, చుక్క కూడా వదల్లేదు. రెండో రోజు పొద్దున వాన తెరిపిచ్చాక ఏసమ్మ తలుపు తీసి చూస్తే, లైబ్రరీ వెనక చెరువుంది. మందారాలు మునిగిపోయాయి. పొగడ మొక్కల తలకాయలు మాత్రం నీళ్ల పైన కనబడుతున్నాయి.

ఆవిడ చీర ఎగ్గట్టి దిగి, మోకాల్లోతు నీళ్లలో నిలబడి రాజుగారికి ఫోన్ చేసింది. "అయ్యగారూ, మొక్కలన్నీ ముంచేసానండి" అంది. అవతల ఆయన "వస్తున్నా" అని పెట్టేశారు. అంతే, ఏసమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. వేళ్లు కుళ్లితే మొక్కలు పోతాయి. మొక్కలు పోతే గది పోతుంది, మబ్బులు పోతాయి, ఈ ఊరే పోతుంది. మళ్లీ కవర్లు నింపుకోవడం, మోకాలెత్తు రాగానే సాగనంపడం.

ఇంతలో ఊరు దిగింది. ఆ ఊళ్లో వాగులున్నాయి, జలపాతాలున్నాయి, కాని నీళ్లన్నీ పరుగెత్తేవే. నిలబడి ఉన్న నీళ్లు వాళ్లు ఎప్పుడూ చూడలేదు. పిల్లలు కెవ్వున కేకలేసి దూకారు. ముసలమ్మలు గట్టు మీద కూర్చుని కాళ్లు పెట్టారు. మాస్టారు పంచె మడిచి దిగి, "ఆహా" అని అక్కడే ఉండిపోయారు.

"నా మొక్కలు చస్తుంటే మీకు ఆటలుగా ఉందా?" అని అరిచింది ఏసమ్మ. ఆవిడ అరవడం ఆ ఊరు అదే మొదటిసారి వినడం. దూకిన పిల్లలు గట్టెక్కేశారు.

"గట్టు కొట్టెయ్యక్కా, పోతాయి నీళ్లు" అంది పాపాయి, పార తెచ్చి చేతికిస్తూ.

ఏసమ్మ పార ఎత్తింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. గోదావరి వరదలప్పుడు గట్టుకి గండి పడుతుందని ఇసక బస్తాలు మోసిన మనిషి. పెళ్లయిన మూడో రోజున కొత్త చీరతో మోసింది. గండి పూడ్చడమే తెలుసు ఆ చేతులకి, కొట్టడం తెలియదు. పైగా కింద మధ్య వీధి ఉంది, అందులో పాపాయి టీ కొట్టే మొదటిది. ఒక్కసారి నీళ్లు వదిలితే స్టవ్వూ గ్లాసులూ కింది వీధిలో ఏరుకోవాలి.

"గండి వద్దు. తూము పెడతాను. లావు వెదుళ్లు నాలుగు కొట్టుకురండి, లోపల కణుపులు పొడిచెయ్యండి" అంది.

కొండ మీద వెదురుకేం కరువు, నాలుగడిగితే పధ్నాలుగొచ్చాయి. కింది మూల గట్టులో ఒక్కో వెదురు పట్టేంత కంత తవ్వి, పెట్టి, చుట్టూ బంకమట్టి కూరి మడమతో తొక్కింది. నీళ్లు నాలుగు ధారలుగా, బుద్ధిగా, కింది వీధిలోకి దిగే మెట్ల పక్క వాన కాలవలోకి దిగాయి. ఈలోగా మాస్టారు పరిగెత్తి మైకు అందుకున్నారు. ఇంటికొక మనిషి రావాలన్నారు. ఇంటికి నలుగురొచ్చారు. వరసగా నిలబడి, వేళ్ల దగ్గర మట్టితో సహా ఒక్కో మొక్కనీ తీసి, చేతులు మార్చుకుంటూ గట్టు మీదికి చేర్చారు. గట్టు మీద కొబ్బరి పెంచే దేశం ఏసమ్మది. వెడల్పు చూసి, జానెడు గుంట తీసి, నాటుకుంటూ పోయింది. బురద కొట్టుకుని ఎవరు ఎవరో తెలియలేదు. ఎవరో పాట అందుకున్నారు, ఎవరో జారిపడ్డారు, పడ్డవాళ్లని చూసి నవ్వినవాళ్లు పడ్డారు. ఏసమ్మకి ఏడుపు ఎప్పుడు ఆగిందో, నవ్వు ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలియదు.

నీళ్లు పిక్కల్లోతుకి తగ్గాక ఇంకో తూము ఇంకా కిందికి పెడతానంది. ఊరు ఒప్పుకోలేదు. "ఆ మాత్రం ఉంచండమ్మా, కాళ్లు పెట్టుకుంటాం" అన్నారు మాస్టారు, మైకులోనే.

మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చింది. వెంకటరాజుగారు మొహం గంటు పెట్టుకుని దిగారు, వస్తూనే "ఎక్కు. నర్సరీ పరువు తీశావు" అన్నారు. తర్వాత చుట్టూ చూశారు. మధ్యలో పిక్కల్లోతు నీళ్లు, చుట్టూ గట్టు మీద మొక్కలు, ఆ గట్టు నిండా కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న జనం. మూలకి వెళ్లి తూము వంగి చూశారు. ఆయనా డెల్టా మనిషే కదా.

"ఎన్ని పోయాయి?"

"నలభై దాకా పోయాయండి. మిగతావి బతుకుతాయి."

"తూము నువ్వే పెట్టావా?"

"ఆయ్."

"మాకు ఈవిడే కావాలండి. మిగిలిన మొక్కలు ఎన్ని ఉంటే అన్నే" అన్నారు మాస్టారు.

రాజుగారు నిట్టూర్చి, గట్టు మీద ఏసమ్మ పక్కన చతికిలబడ్డారు. "అక్కడ రెండు లోడ్లు ఆగిపోయి ఉన్నాయి. అంట్లు నీ అంతలా కట్టేవాళ్లు లేరు. రావే" అన్నారు. ఈసారి గొంతులో కోపం లేదు, అడిగినట్టే ఉంది. ముప్ఫై అయిదేళ్లలో ఆయన అలా అడగడం ఎప్పుడూ లేదు. ఏసమ్మకి ఒక్క క్షణం లేవాలనే అనిపించింది కూడా.

లేవలేదు. మోకాలెత్తు పొగడ మొక్క మొదట్లో మట్టి అదుముతూ ఉండిపోయింది.

రాజుగారు ఆ మొక్క వంక చూశారు. "దాని కింద నీడ పడాలంటే పదేళ్లు పడుద్ది ఏసమ్మా."

"పట్టనీయండి" అంది ఏసమ్మ. "నేనుంటాను కదండి."