తేనెపెట్టెకు కట్టిన వేపమండ

ఆ రోజుల్లో నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పాతికేళ్ల వయసు, నాలుగు రోజుల శిక్షణ, తలకు వలముసుగు, ఇంకేం కావాలి? ఐరాల దగ్గర మా మామిడితోటలో పది తేనెపెట్టెలు పెట్టాను. మైనం తినే పురుగు రాకుండా గంధకం పొడి, పూత లేని నెలల్లో చక్కెర పాకంలో ఏదో మందు (ఏ మందో ఇప్పటికీ సరిగ్గా తెలియదు, డబ్బా మీద ఈగ బొమ్మ ఉండేది కాబట్టి నమ్మాను). ఊళ్లో నాకు 'ఈగల డాక్టరు' అని పేరు పడింది. అది ఎగతాళి అని అందరికీ తెలుసు, నాకు తప్ప.

తేనె చివరి చుక్క దాకా పిండుకుని, బదులుగా చక్కెర నీళ్లు పోసేవాణ్ణి. రెండో ఏడాది ఒక ఉదయం చూస్తే పెట్టెల కింద చచ్చిన ఈగలను చీమలు లాక్కుపోతున్నాయి. ఆ తర్వాత ఒక్కో పెట్టే ఖాళీ అవుతూ వచ్చి, చివరికి ఒక్కటి మిగిలింది. ఆ రోజు నేల మీద కూర్చుని చచ్చిన ఈగలను దోసిట్లోకి ఎత్తుకున్నాను. బరువే లేవు. నా చేతులతో నేనే చంపుకున్నానని ఏడుపొచ్చింది. ఇక మందుల జోలికి పోకూడదు, ఆ ఒక్క పెట్టెనైనా బతికించుకోవాలి అని ఒట్టు పెట్టుకున్నాను.

మందులైతే మానాను గాని డాక్టరీ మానలేకపోయాను. పెట్టెలో పసుపు చల్లాను. గోడలకు వేపాకు కషాయం పూశాను. శుక్రవారం ఇంట్లో వేసిన సాంబ్రాణి ధూపం పట్టుకుని తోటకు పరుగెత్తేవాణ్ణి. కోలుకుంటున్నాయో లేదో అని రెండు పూటలా మూత తీసి చూసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఈగలన్నీ పెట్టె వదిలేసి మామిడికొమ్మకు గుత్తిగా వేలాడాయి. ఇంకాసేపుంటే ఎగిరిపోతాయి. తోటలో చింతపండు ఒలుస్తున్న మా పెద్దమ్మను కేకేశాను.

ఆమె ముందు పెట్టె వాసన చూసి ముక్కు మూసుకుంది. "ఇదేం కంపురా, నాకే తల తిరగతా ఉండాది. రోజుకు ఎన్నిసార్లు మూత తీస్తా ఉండావు?"

"రెండుసార్లే పెద్దమ్మా."

"బాలింత గది తలుపు అట్ల తీస్తా ఉంటే ఆ బిడ్డ బతుకుతాదా? వాటి ఇల్లు అవి కట్టుకోలేవా?"

ఉలవలు పోసుకునే పాత కుండ ఖాళీ చేసి తెచ్చింది. దాన్ని గుత్తి కింద పెట్టి కొమ్మ గట్టిగా ఊపాం. ఈగలు పడ్డ కుండను నీడలో మూడు రాళ్ల మీద బోర్లించాం. తర్వాత ఒక వేపమండ విరిచి పైకొమ్మకు కట్టింది.

"పురుగు రాకుండానా?" అన్నాను.

"పురుక్కి కాదురా, నీకు. ఇంట్లో అమ్మవారు పోస్తే వాకిట్లో ఎందుకు కడతారు? పరాయోళ్లు లోపలికి రాకుండా. ఇది ఎండి రాలేదాకా నువ్వు ఈ పక్కకు రావాకు."

సొంత తోటలో పరాయివాణ్ణయ్యాను. రోజూ ఆ మండ దాకా వెళ్లి వెనక్కి తిరిగేవాణ్ణి. ఆకులు ఎప్పుడు రాలతాయా అని అంతగా ఎదురుచూసినవాడు మా మండలంలోనే ఉండడు. రాలిన రోజు ఇద్దరం కుండ అంచు పైకెత్తి చూశాం. లోపల నాలుగు తెల్లటి తేనెపట్లు వంకరటింకరగా, నిండా ఈగలతో ఉన్నాయి. నేనేమీ చేయకుండానే బతికాయి. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఇప్పుడు మళ్లీ పెట్టెలున్నాయి. తేనె సగం వాటికే వదులుతాను. చిత్తూరు నుంచి కుర్రాళ్లు వచ్చి "ఏం మందు వాడతావన్నా?" అని అడిగితే వేపమండ చూపిస్తాను. "నూరి పూయాలా, కాచి పోయాలా?" అంటూ రాసుకుంటారు. వాళ్లను చూస్తే ఈగల డాక్టరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పెద్దమ్మ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు మండ నేనే కట్టి, నేనే బయట నిలబడాలి. నిన్న కూడా కట్టడం అయ్యాక చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది. పెద్దమ్మ చింతపండు ఒలుస్తూ కూర్చునే చోటు వైపు ఒకసారి చూసి, వెనక్కి తీసుకున్నాను.