సముద్రమంత చలువ

నా రాత బాగుండదు. చదివింది ఒడియా బడిలో ఐదో తరగతి వరకే. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక మా బావ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆ బావ పోయి నెల దాటింది. బరంపురంలో, మేడ మీద గదిలో, మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఒరిగినవాడు అలాగే ఉండిపోయాడు. మా అక్క మజ్జిగ తెచ్చి పిలిస్తే పలకలేదు.

బావ ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. అంతకు ముందు మా సముద్రపు ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో పని. ఎవరైనా ఫ్రిజ్ చలువ ఇవ్వడం లేదంటే ఆయనకు కోపం. “సలవ ఇయ్యడం అనేది నేదురా. లోపలి ఏడిని మోసుకెల్లి అవతల పారబొయ్యడమే ఉంది” అనేవాడు.

మూడేళ్ళ కిందట షుగరు వల్ల ఒక కాలు తీసేశారు. మా మేడ మెట్లు ఇరుకు, కుర్చీ పట్టదు. ఆసుపత్రి నుంచి తెచ్చి ఎలాగో పైకి ఎక్కించాక ఆయన మళ్ళీ కిందికి దిగలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనపడదు. అప్పటికే మా ఊరు పొడంపేటలో నా ఇంటిని సముద్రం కోసుకుపోయింది. నేనూ వచ్చి పక్క గదిలో చేరాను. పడవ లేదు, పని లేదు. ఇద్దరం ఆ ట్యాంకునే చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఒకరోజు బావ అన్నాడు: “ఒరే బామ్మర్దీ, నన్ను సముద్రం కాడికి మోసుకెల్లలేవు. పోనీ, సముద్రాన్ని రొండు బిందెలు మోసుకు రాలేవేటి?”

తెచ్చాను. ఒడ్డునున్న ఆర్యపల్లి నుంచి చేపల ఆటోలో డబ్బాలతో ఉప్పునీళ్ళు, రాళ్ళ సందుల్లో పట్టిన చిన్న చేపలు ఆరు, నాలుగు రొయ్యలు, గుల్లల్లో దూరి బతికే పీతలు రెండు. అద్దాల తొట్టిని బావ మంచం పక్కనే పెట్టించుకున్నాడు. ఆ పూట అన్నం చల్లారిపోయినా చూసుకోలేదు.

చైత్రం వచ్చేసరికి స్లాబు కాలడం మొదలైంది. తొట్టిలో నీళ్ళు వేడెక్కాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. సముద్రంలో అయితే ఎండకు చేప లోతుకు పోతుంది. వీటికి లోతేది?

నాకు తెలిసిన మందు ఒకటే. వేటలో పడ్డ చేప మీద ఐసు వేస్తాం. బావ నిద్రపోతుంటే బజారుకు పోయి ఐసు తెచ్చి తొట్టిలో వేశాను. ఆయన లేచేసరికి ఐసు కరిగి, ఉప్పు విరిగి నీళ్ళు చప్పబడ్డాయి. రెండు చేపలు వెల్లకిలా తేలాయి.

“ఐసు సచ్చినోటికిరా, బతికినోటికి కాదు” అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“మరేటి సేద్దాం బావా?”

“మిషను కడదాం. సేతులు నీవి, నోరు నాది.”

పాతసామాన్ల దుకాణంలో ఏదో ఆఫీసు పారేసిన నీళ్ళ కూలరు దొరికింది. దాని కడుపులో రాగి గొట్టం చుట్ట ఉంటుంది, గ్యాసు అందులోనే తిరుగుతుంది. గొట్టం నలగకుండా, గ్యాసు పోకుండా ఆ చుట్టను బయటికి లాగాలి. “మెల్లగా... మెల్లగా... అది నీ వలతాడు కాదు, నలిగితే మరి బాగవదు” అని బావ మంచం మీంచి అంటుంటే వేలెడు వేలెడే లాగాను. రెండు రోజులు పట్టింది. చుట్టను తిన్నగా తొట్టిలో దించాం. నీళ్ళు చల్లబడ్డాయి. బావ చెయ్యి ముంచి కళ్ళు మూసుకున్నాడు.

మిషను వెనకనుంచి వేడిగాలి మాత్రం మా ముఖాల మీదికే.

“సేపకి ఏసీ, పెళ్ళానికి ఇసినికర్ర. బాగుందయ్యా నీ కాపరం!” అంది అక్క.

“నువ్వూ తొట్లో దిగు, ఎవులు కాదన్నారు?” అన్నాడు బావ.

చాలా రోజులకు ఆ గదిలో నవ్వులు వినపడ్డాయి.

మూడో రోజు రొయ్యలు చచ్చాయి. మర్నాడు పీతలు. వారంలో మూడు చేపలు. నీళ్ళు చల్లగానే ఉన్నాయి, ఎందుకు చస్తున్నాయో మాకు అంతుపట్టలేదు. చుట్టను బయటికి తీసి చూస్తే పచ్చగా పాచిపట్టినట్టు ఉంది. అప్పుడు నాకు తట్టింది. గుల్లలు పట్టకుండా పెద్ద బోట్ల అడుగున రాగి కలిసిన రంగు పూస్తారు. గుల్లను చంపేది పీతను వదులుతుందా? ఆ రంగు నా చేత్తో ఎన్నిసార్లు పూశానో. చుట్టను దించే రోజు మాత్రం గుర్తు రాలేదు. చెబితే బావ ఆ చుట్టను వేలితో తడిమాడు.

“ఇన్నేళ్ళూ రాగే నాకు కూడెట్టింది” అన్నాడు. రెండు రోజులు నాచేత తొట్టిలో కొత్త ఉప్పునీళ్ళు మార్పించాడు.

మూడో రోజు పొద్దున్నే కేకేశాడు. “నీ సేపల పెట్టె ఒకటి అట్టుకురా.” ఐసులో చేపలు పంపే థర్మోకోల్ పెట్టె అది. అందులో మంచినీళ్ళు పోసి, రాగి చుట్టను ఆ నీళ్ళలో పెట్టించాడు. సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా దానిలోంచి తిప్పించాడు. చిన్న మోటారు తొట్టిలోని ఉప్పునీళ్ళను ఆ గొట్టంలోకి తోస్తుంది. అవి చల్లబడి తొట్టిలోకి తిరిగొస్తాయి. ఉప్పుకూ రాగికీ మధ్య ప్లాస్టిక్ అడ్డం. మిషను వీపు కిటికీ వైపు తిప్పాం. మిగిలిన ఒక్క చేప, నల్ల చారలది, బొటనవేలంత, అడుగునుంచి లేచి తిరగడం మొదలుపెట్టింది.

ఒక్కటే కుదరలేదు. కూలరు తనంతట తాను ఆగదు, వదిలేస్తే నీళ్ళు మరీ చల్లబడిపోతాయి. అందుకని స్విచ్చి మంచం దగ్గరికి లాగించుకున్నాడు. చెయ్యి ముంచి చూడడం, వెయ్యడం, ఆపడం. “సముద్రమంత సలవ సాలు, ఫ్రిజ్జంత వొద్దు.” వేసవి పొద్దంతా ఇదే పని. పండగ లేదు, కునుకు లేదు. “నాను దీన్ని అట్టుకున్నానా, ఇది నన్ను అట్టుకుందా?” అని ఒకసారి అడిగాడు. నేను చేపకు మేత గుళికలు వేశాను.

“నాను పోతే దీన్ని మొగలో ఒగ్గీరా” అని కూడా అన్నాడు. మొగ అంటే మా రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోటు, చేపను అక్కడ వదిలెయ్యమని.

ఆ మెట్ల మీంచి ఆయన్ను నలుగురం కిందికి దించాం. మూడేళ్ళలో ఆయన దిగడం అదొక్కసారే.

అస్థికలు మొగలో కలిపే రోజు నేను స్విచ్చి దగ్గర కూర్చుని లేవలేకపోయాను. మైల రోజుల్లో ఇల్లు దాటకూడని మా అక్క వచ్చి పక్కన కూర్చుంది.

“నువ్వెల్లు. నాను ఎలాగూ కదల్రాదు. సూస్తాను” అంది. నీళ్ళలో చెయ్యి ముంచింది. తర్వాత నా వైపు చూడకుండా, “దీన్నీ అట్టుకుపోతావేటి?” అని అడిగింది.

బావ చెప్పినమాట ఆమెకూ తెలుసు. నేను అస్థికల కుండ ఒక్కటే పట్టుకుని వెళ్ళాను.

ఆ రోజునుంచి నేను లేస్తే అక్క, అక్క వంటకు లేస్తే నేను. ఎప్పుడూ ఒకరం ఇక్కడే. అక్క దానితో మాట్లాడుతోంది. ఉదయం ఏం కూర వండిందో చెబుతోంది. వదిలేద్దామని ఆమెతో ఎలా అనను? వదలకపోతే బావకు ఏం చెప్పుకోను? పైగా భయం. ఇది రెండేళ్ళుగా మేము వేసిన గుళికలు తిని బతికింది. పెద్ద చేప నీడ ఎరగదు. సముద్రంలో బతుకుతుందా, లేక నా చేత్తోనే దాన్ని కూడా చంపినవాణ్ణవుతానా? బతుకుతుందని తెలిసినవాళ్ళు చెబితే, అక్కకు చెప్పే ధైర్యం నాకు వస్తుంది.

వానలు పడితే ఏటి నీరు దిగి మొగలో ఉప్పు విరిగిపోతుంది. వదిలితే ఆ లోపే వదలాలి. ఇది రాస్తుంటే చేప గొట్టం మూతికి ఎదురుగా ఉంది. చల్లటి ధారకు ఎదురీదుతోంది. తోక ఆగడం లేదు, ఉన్నచోటునుంచి జానెడు కూడా కదలడం లేదు. ఉప్పునీటి చేపల సంగతి తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆలస్యం చెయ్యకుండా ఒక ముక్క రాయండి.