లోపలి దిక్కు తిప్పిన మైకు

నా చిన్నప్పుడు మా దిక్కు పెండ్లంటే ముందుగాల అందరికీ మా నాయననే యాదికొచ్చేటోడు. కుల్కచర్ల చుట్టుపక్కల ఊర్లల్ల మైకు సెట్టు ఉన్నది ఆయనకే. ఏ యాళ్లకు ఏ పాట పెట్టాలె, విందుకొచ్చినోళ్లు విసుగుపడకుంట ఎట్ల కూసోబెట్టాలె అన్నది ఆయనకు తెలిసినట్టు ఎవ్వలికీ తెల్వదు. వంట ఆలస్యమైతే మైకు అందుకొని బావలను, వియ్యపోళ్లను ఆటపట్టిస్తుంటే జనం ఆకలి మరిచిపోయి నవ్వేటోళ్లు.

ఒక ఏడు మా ఇంట్లనే పెండ్లి పడ్డది. మా మేనత్త బిడ్డ పెండ్లి, అంటే మా వదినది. మేనత్త మా నాయనకు అక్క. మొగడు చనిపోతే పసిబిడ్డను చంకనేసుకొని మా ఇంటికొచ్చింది. నాకు అన్నం తినిపిచ్చుడు, జడ అల్లుడు అన్నీ ఆమెనే. పెండ్లికొడుకుది కరణ్‌కోట. సంబంధం ఖాయమైన దినాన అత్త మురిసిన మురిపెం ఇంతంత కాదు. కానీ మొగడు లేని ఆడది మండపం ముందట నిలవడొద్దని పెద్దోళ్లు అన్నరు. కన్నతల్లి అయినా సరే, పుస్తె కట్టంగ చూడొద్దట. ఎంత పాడు ఆచారమో! నాయన జగడం పెట్టుకున్నడు, బతిమాలిండు, ఎవ్వలూ ఇనలే. ఆఖరికి అత్తనే ఆయన నోరు మూయించింది. "నా కోసం నా బిడ్డ పెండ్లి ఆగం చెయ్యకు తమ్మీ" అన్నది.

పెండ్లినాడు పొద్దుగాల నాయన ఒక గొట్టం మైకును మండపం దిక్కు కట్టిండు. ఇంకోదాన్ని ఇంటెనక అర్ర కిటికీకి ఎదురుంగ కట్టిండు. జనమంత ఇటుంటే ఆ మైకు అటెందుకని ఎవలో అడిగితే, గాలి అటు గుంజుతున్నదని ఏదో చెప్పి దాటేసిండు.

ఆ అర్రల అత్త కూసొని నాకు జడ అల్లుతున్నది. నాకేమో ఎప్పుడు బయటికి ఉరుకుదునా అని ఉన్నది. గప్పుడు మైకుల నాయన గొంతు ఇనవడ్డది. "పెండ్లిపిల్ల వస్తున్నది సూడుండ్రి! ఎర్రంచు పసుపుచీర కట్టింది. గాజులు సర్దుకుంటున్నది. జర నవ్వు బిడ్డా... ఆఁ, నవ్వింది, నవ్వింది!" జనం పకపక నవ్విండ్రు. "కండ్లముంగట కనవడేది మళ్ల చెప్పుడేందిరా? పొద్దుగాలనే తాగినవా?" అని ఒకాయన ఎకసెక్కమాడింది మాకూ ఇనవడ్డది. నాయన ఆగలే. పెండ్లికొడుకుకు చెమటలు పట్టుడు, ఎవలో విసనకర్ర అందిచ్చుడు, అన్నీ చెప్పుకుంటనే పోయిండు. చుట్టాలు అదో తమాషా అనుకొని కదలకుంట కూసున్నరు. నా జడల అత్త చేతులు ఆగిపోయినయి. ఆ మాటలు ఎవలి కోసమో నాకు అప్పుడు సమజైంది.

"పుస్తె చేతులకు తీసుకున్నడు" అన్నడు నాయన. "కడుతున్నడు... మూడు ముళ్లు పడ్డయి."

అత్త కొంగుముడి ఇప్పి దాచుకున్న అక్షింతలు తీసింది. ఎటు వెయ్యాల్నో ఆమెకు తోచలే. కిటికీ దిక్కు చూసింది, గోడ దిక్కు చూసింది. ఆఖరికి నా తల మీద వేసి, నన్ను గట్టిగ పట్టుకొని బోరుమన్నది.

పెండ్లింట్ల ఏడుపు ఇనవడితే మగపెండ్లోళ్లు ఏమంటరోనని నాకు భయమైంది. ఉరికిపోయి నాయన చెవుల చెప్పిన. ఆయన వెంటనే ఒక పాట పెట్టి, సప్పుడు ఎంత పెంచొచ్చో అంత పెంచిండు. చెవులు పోతున్నయి, తగ్గియ్యమని అందరు కోపానికొచ్చిండ్రు. "ఏదో ఇరుక్కున్నదే, తగ్గుత లేదు" అనుకుంట నాయన మీట తిప్పినట్టు చేసిండు. ఆయన కండ్లు కారుతున్నయి. అత్త లోపల తనివితీర ఏడ్చేదాంక ఆ పాట ఆగలే.

ఇప్పుడు అత్త లేదు, నాయన లేడు. వచ్చే నెల వికారాబాదుల నా మనుమరాలి పెండ్లి రిసెప్షన్. డీజే అట, యాంకరట, చుట్టాలతోని ఆటలట, తాండూరు నుంచి బ్యాండట! మొన్న ఫోనుల పాటలు ఏరుకుంట, "అమ్మమ్మా, నీకే పాట కావాలె?" అని అడిగింది. పక్కన దాని తల్లి, నా బిడ్డ, కూరగాయలు కోస్తున్నది. నిరుడే మొగణ్ని పోగొట్టుకున్నది. "స్టేజి మీద నాకేం పనిలే, నేను వంటల దిక్కు చూసుకుంట" అన్నది, తలెత్తకుంటనే. దాన్ని ఎవ్వలూ స్టేజి ఎక్కొద్దనలే. మొగడు లేనిదాన్నని దానికదే అనుకున్నది.

మా నాయన పెండ్లి ముచ్చటంత లోపలికి పంపిండు గని, అక్కను బయటికి తీసుకరాలేకపోయిండు. చచ్చేదాంక ఆ బాధ ఆయనను ఇడువలే. ఇప్పుడది నా దగ్గరున్నది. మనుమరాలితోని ఒకటే చెప్పిన, పాటలు మీ ఇష్టం బిడ్డా, ముందుగాల స్టేజి మీద మీ అమ్మకు కుర్చీ వెయ్యుండ్రి అని.

ఇప్పటికీ ఏ పెండ్లి మైకు ఇనవడ్డా నా చెయ్యి నా తల మీదికి పోతది. మా వదిన మీద పడాల్సిన అక్షింతలు అవి. ఈసారి నా బిడ్డ చేతుల అక్షింతలు దాని బిడ్డ తల మీదనే పడాలె.