మా యక్షుడి యాస

ఆ రోజుల్లో వారపత్రిక ఒక పూట ఆలస్యమైతే లోకమే ఆగిపోయినట్టుండేది. నవ్వేవారు నవ్వుకోవచ్చు, వారు ఒక యక్షుడి కోసం వారాల తరబడి ఎదురుచూసి ఎరుగరు. గద్వాలలో పంతులమ్మగా కొత్తగా చేరిన ఏడాది, పున్నమినాడు మాత్రమే శరీరం దాల్చే యక్షుడికీ ఒక మానవకన్యకూ ప్రేమ నడిపించే ధారావాహికకు నేను బందీనైపోయాను. ఒక భాగం ముగిస్తే మరో పేరుతో రెండో భాగం. శాపం తీరి వెళ్ళిన యక్షుడు కొత్త శాపంతో మళ్ళీ ప్రత్యక్షం. చదివినదెల్లా తేదీ వేసి రాసిపెట్టుకునే అలవాటు వల్ల ఆ రచయిత చేసిన అన్యాయాలు ఒక్కటీ నా కన్ను దాటిపోలేదు. నీడ లేదని మొదట ఘంటాపథంగా చెప్పిన యక్షుడి నీడలోనే ఆ పిల్ల తర్వాత నడుం వాల్చింది! అమావాస్యనాడు వచ్చి ముద్దు పెట్టి పోయాడు! (ఇంట్లో పంచాంగమైనా ఉండదా?) సంపాదకుడికి పోస్టుకార్డులు రాశాను. జవాబు లేదు. ఇక చదవనని ఒట్టు పెట్టుకుని, మరుసటి వారం పత్రికల కట్ట విప్పకముందే బస్టాండులో నిలబడేదాన్ని.

నేను అద్దెకున్నది చేనేతవారింట్లో. ఇంటావిడను మగ్గం అక్క అనేదాన్ని. ఆమె భర్త, అంటే బావ, మరమగ్గాల పనికి భివండి పోయాడు. పండగకు వస్తానన్నవాడు ఆ పండగకూ రాలేదు, తర్వాతి పండగకూ రాలేదు. అక్కకు చదువు రాదు. బడి వదిలాక నేను మగ్గం పక్కన కూర్చుని చదివితే నేస్తూ వినేది. యక్షుడు దగ్గరకు వస్తుంటే మగ్గం చప్పుడు మెల్లబడేది. “ఆమె చేయి అందుకున్నాడు” అనగానే పూర్తిగా ఆగేది. “ఏందక్కా, ఆపినవ్?” అంటే, “పోగు తెగింది లే. నువ్వు చదువు” అనేది. (పోగు తెగలేదు. నేను చూశాను.)

ఒక వారం పత్రిక తెరిచేసరికి రచయిత యక్షుణ్ణి గాలిలో కలిపేశాడు. ‘ఇక ఎన్నటికీ రాడు’ అని నాయికకు తెలిసిపోయింది, కింద ‘సమాప్తం’. కోపంతో పత్రికను చుట్టచుట్టి చంకలో ఇరికించుకున్నాను. ఇంటికి వస్తే అక్క అప్పటికే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని సిద్ధంగా ఉంది. “ఇయ్యాల కథల పున్నమి గదా, వస్తడు. గీయనన్నా ఇచ్చిన మాట మీద నిలబడతడు చెల్లే” అంది. అచ్చులో ఉన్న ఆ వాక్యం నా నోట రాలేదు. పత్రిక ముందర పెట్టుకుని అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. యక్షుడు వెన్నెల్లో దిగాడు. నాయిక అలిగి మొహం తిప్పుకుంది. ఇప్పుడు అతడు ఏమనాలి? తొందరలో నాకు ఏ సంస్కృత సమాసమూ తోచలేదు. “గట్ల మొకం తిప్పుకుంటవేందే? జర ఇటు చూడు. దూరం పోయిన గానీ నిన్ను మర్చిపోయిన్నా?” అన్నాడు.

మగ్గం ఆగింది.

“చెల్లే,” అంది అక్క, “మొన్నటి దాక ‘ప్రియతమా, నీ వియోగాగ్నిలో’ అన్నోడు, ఇయ్యాల మీ వనపర్తి మాట ఎట్ల నేర్చిండే?”

నేను వనపర్తి పిల్లను. దొరికిపోయాను. “అదీ... భూలోకంల తిరిగి తిరిగి...” అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “రాసినాయన సంపిండు గదా?” తలూపాను. కాసేపు పోగులు సవరించి, “సంపుకోనీ. గీయన మనసున్నోని లెక్క మాట్లాడుతుండు. రేపు ఏమాయెనో చెప్పు” అంది.

ఆ విధంగా ధారావాహిక నా మెడకు పడింది. నా యక్షుడు తిథి తప్పలేదు; అతడికి నీడ పడనివ్వలేదు. కానీ వాళ్ళిద్దరినీ కలపడం మాత్రం నాకు చేతకాలేదు. కలిపేస్తే సాయంత్రం మగ్గం పక్కన నాకు ఏం పని? (రచయిత కష్టం అప్పుడు కొంత అర్థమైంది. అమావాస్య సంగతి మాత్రం నేటికీ క్షమించలేదు.) నాకు నాగర్‌కర్నూలు బదిలీ అయ్యే ముందు, చెప్పాపెట్టకుండా బావ రేకుపెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. “వచ్చినవా? కాళ్ళు కడుక్కో” అంది అక్క. అంతే! ఆ ఘట్టాన్ని నేనైతే రెండు వారాలు నడిపేదాన్ని.

ఉద్యోగ విరమణ తర్వాత మళ్ళీ వనపర్తి చేరాను. మొన్న మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. వెనక బావ గురక వినిపిస్తోంది. “ఈయన వచ్చిండు, తింటుండు, పండుకుంటుండు. గాని చెల్లే, ఆయన ఎప్పుడొస్తడే?”

“బయలెల్లిండక్కా. పెబ్బేరు దాక వచ్చిండు. ఇయ్యాల సంత గదా, ఎడ్ల నడుమ ఇరుక్కున్నడు.”

అక్క చాలాసేపు నవ్వింది. “నిమ్మళంగ రానీ తియ్యి. వచ్చినంక మళ్ల ఎవరి కోసం చూస్తం?”

ఫోన్ పెట్టేశాక, తలనెరిసిన ఈ పంతులమ్మ మందు వేసుకోవడం కూడా మరిచి, గద్వాల వైపు పోయే బస్సుల హారన్లు వింటూ కిటికీ దగ్గర కూర్చుండిపోయింది. తనను చూసి తనకే నవ్వొచ్చింది, అయినా లేవలేదు.